హెడ్డులో విరిగి ఉండిపోయిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టడ్డు: హెడ్డు దించక తప్పదా?

సాగర్‌నగర్_డీజిల్
నాది పన్నెండేళ్ల నాటి డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ఇంజను బ్లాకు పోత ఇనుముది, దాని పైన కూర్చునే హెడ్డు అల్యూమినియంది. కొంతకాలంగా ఉదయం బండి తీయగానే ఇంజను వెనుక నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చేది, వేడెక్కాక తగ్గిపోయేది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజను పొగను బయటకు తీసుకుపోయే ఇనుప గొట్టాల భాగం) ప్యాకింగు పోయిందని మా వైపు ఒక గ్యారేజీలో తేల్చారు. ప్యాకింగు మార్చడానికి నట్లు విప్పుతుంటే, ఒక చివర ఉన్న స్టడ్డు (హెడ్డులోకి బిగించే తల లేని బోల్టు) నట్టుతో సహా విరిగి ఊడివచ్చింది, మిగతా ముక్క హెడ్డులోనే ఉండిపోయింది. ఇప్పుడు హెడ్డు దించి లేత్ షాపుకు పంపాలని, ఎంత తగ్గించుకున్నా ఇరవై వేలు దాటుతుందని అంటున్నారు. హెడ్డు దించకుండా ఆ ముక్కను తీసే దారి ఉందా? ఒకవేళ ఆలస్యమైతే, ఆ ఒక్క స్టడ్డు లేకుండానే మానిఫోల్డ్ బిగించి కొన్నాళ్లు నడపవచ్చా? విశాఖలో ఇలాంటి పని చేసినవారు, చేయించుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

నట్టూ_బోల్టూ
విరిగిన ముక్క బయటకు ఎంత ఉందో ముందు చెప్పండి. హెడ్డు ముఖానికి పైన మూడు మిల్లీమీటర్లు మిగిలితే ఒక కథ, సమానంగా విరిగితే ఇంకో కథ, లోపలికి విరిగితే అది పురాణం.

పాత_ఫిట్టరు
పైన అడిగినది సరైన ప్రశ్న. దానికి జవాబు వచ్చేలోగా ఒక విషయం చెబుతాను, ఎందుకంటే స్టడ్డు ఎందుకు విరిగిందో తెలియకుండా తీసి కొత్తది వేస్తే అది మళ్ళీ అక్కడే విరుగుతుంది.

చివరి స్టడ్డే విరగడం యాదృచ్ఛికం కాదు. మానిఫోల్డ్ పోత ఇనుముది. అది డిగ్రీకి పది లక్షల్లో సుమారు 11 వంతులు సాగుతుంది. హెడ్డు అల్యూమినియం సుమారు 23 వంతులు సాగుతుంది. ఈ లెక్క చూసి హెడ్డే ఎక్కువ సాగుతుందని అనుకోకూడదు, ఎందుకంటే హెడ్డు లోపల నీళ్ళు తిరుగుతుంటాయి కనుక దాని వేడి ఎనభై డిగ్రీలు పెరిగితే గొప్ప, మానిఫోల్డ్ మాత్రం ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు 500 డిగ్రీల దాకా పెరగగలదు. నలభై సెంటీమీటర్ల పొడవున్న మానిఫోల్డ్ 2.2 మిల్లీమీటర్లు సాగితే, దాని కింద ఉన్న హెడ్డు 0.7 మిల్లీమీటర్లే సాగుతుంది. ఆ తేడా మొత్తం రెండు చివరల స్టడ్ల మీద పక్కకు తోపుగా పడుతుంది. బండి తీసిన ప్రతిసారీ ఒకసారి అటు, చల్లారాక ఒకసారి ఇటు. అందుకే చివరి కన్నాలను కోలగా పెడతారు. ఆ కోల కన్నంలో మసి, తుప్పు నిండిపోతే మానిఫోల్డ్ జారలేక స్టడ్డును వంచుతుంది. మీ స్టడ్డు మెకానిక్ చేతిలో విరిగినట్టు కనిపించినా, లోపల సగం చీలిక చాలా ముందే వచ్చి ఉండవచ్చు. విరిగిన ముఖాన్ని దీపం వెలుగులో చూడండి: ఒక భాగం నల్లగా, పాతబడి, మిగతాది మెరుస్తూ ఉంటే మెకానిక్‌ను తిట్టుకోనక్కరలేదు.

సాగర్‌నగర్_డీజిల్
మాస్టారూ, మీరు చెప్పినట్టే చూశాను. మూడింట రెండు వంతులు నల్లగా ఉంది, అంచున మాత్రమే కొత్త లోహం మెరుస్తోంది. బయటకు మిగిలిన ముక్కను వెర్నియర్‌తో కొలిస్తే మూడు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ వచ్చింది. స్టడ్డు 8 ఎం.ఎం., 1.25 పిచ్ (మరల మధ్య దూరం). మానిఫోల్డ్ ఇప్పటికే విప్పి పక్కన పెట్టారు, టర్బోను తీగతో కట్టి ఉంచారు. వైస్ గ్రిప్‌తో పట్టి తిప్పబోతే పళ్ళు జారి, ముక్క చుట్టూ చెక్కుకుపోయింది.

నట్టూ_బోల్టూ
మూడు మిల్లీమీటర్లంటే మీరు అదృష్టవంతులు. ఇక ఆ వైస్ గ్రిప్‌ను వాళ్ళ చేతిలోంచి తీసి దాచేయండి.

ఆటోనగర్_నైట్‌షిఫ్టు
ఈ పని మేము తరచూ చేస్తుంటాము కనుక ఎలా చేస్తామో చెబుతాను. ముక్క బయటకు ఉంటే దానికి నట్టు అతికించి తిప్పడమే మొదటి దారి. 8 ఎం.ఎం. స్టడ్డు మీద 10 ఎం.ఎం. నట్టు పెడతాము. దాని కన్నం కాస్త వదులుగా ఉంటుంది కనుక నట్టు లోపలి నుంచి స్టడ్డు కొన మీదికి వెల్డింగు నింపడానికి చోటు దొరుకుతుంది. సీవోటూ వెల్డింగు సెట్టు అయితే మేలు, ఎందుకంటే తీగ సన్నంగా నేరుగా మధ్యలోకి వెళ్తుంది. మామూలు రాడ్డు వెల్డింగుతో కూడా చేసేవాళ్ళున్నారు గానీ, ఆ ఇరుకులో చెయ్యి నిలవదు. వెల్డింగు చుక్క పక్కన హెడ్డు మీద పడుతుందేమోనని భయపడనక్కరలేదు, ఇనుప తీగ అల్యూమినియానికి అతకదు, గీరితే ఊడిపోతుంది.

అసలు పని చేసేది నట్టు కాదు, వేడి. వెల్డింగు వేడికి స్టడ్డు ఎర్రబడి ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న తుప్పును నలిపేస్తుంది, తరువాత చల్లారుతూ ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడంలోనే పట్టు వదులుతుంది. అందుకే నట్టు అతికించగానే తిప్పకూడదు. ఎరుపు పోయి, చేత్తో ముట్టుకోలేనంత వేడి మాత్రం ఉన్నప్పుడు, చిన్న పానాతో ముందు బిగించే వైపు వెంట్రుకవాసి కదపాలి, తరువాత విప్పే వైపు. అలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ రావాలి. నట్టు ఊడివస్తే మళ్ళీ అతికించాలి. ప్రతిసారీ ఇంకోసారి వేడి తగులుతుంది కనుక నట్టు ఊడినా నష్టమేమీ లేదు.

కొత్తబండి_కొత్తమోజు
ఇంజను బండిలో ఉండగా వెల్డింగు చేయడం నాకు సరైన పనిగా తోచడం లేదు. పక్కనే డీజిల్ పైపులు, ఇంజెక్టర్ల వైర్లు, ఆపైన ఈసీయూ, అంటే ఇంజనును నడిపే కంప్యూటరు. ఒక స్టడ్డు కోసం ఈసీయూ పోతే దాని ఖరీదు హెడ్డు దించడానికి అయ్యే ఖర్చు కంటే ఎక్కువ. అంతటి వేడికి హెడ్డు కూడా వంగదా?

ఆటోనగర్_నైట్‌షిఫ్టు
భయం న్యాయమైనదే, కానీ దానికి పద్ధతి ఉంది. బ్యాటరీ రెండు టెర్మినళ్ళూ విప్పాలి. ఈసీయూ కనెక్టరు అందుబాటులో ఉంటే అదీ, ఆల్టర్నేటర్ కనెక్టరూ తీసేయాలి. వెల్డింగు ఎర్త్ క్లాంపును బంపరుకో ఛాసిస్‌కో కాకుండా స్టడ్డుకు జానెడు దూరంలో హెడ్డు మీదే పెట్టాలి. అప్పుడు కరెంటు ఆ జానెడులోనే తిరిగి పోతుంది. డీజిల్ పైపుల మీద తడి గోనె, దాని మీద రేకు, పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకోవాలి. హెడ్డు వంగడం గురించి: ఒక్క 8 ఎం.ఎం. ముక్క మీద మూడు నాలుగు క్షణాలు పడే వేడికి హెడ్డు వంగదు. గ్యాస్ కట్టరు తెచ్చి హెడ్డు ముఖం మొత్తం కాల్చేవాళ్ళ చేతిలో మాత్రం వంగుతుంది.

పాత_ఫిట్టరు
దానికి నేను రెండు హెచ్చరికలు చేరుస్తాను. అల్యూమినియం ఇనుములా ఎర్రబడి మనల్ని హెచ్చరించదు. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, హెడ్లకు వాడే మిశ్రమం ఇంకా ముందే మెత్తబడుతుంది. చూస్తుండగానే రంగు మారకుండా కిందికి కారుతుంది. అందుకే కట్టరు మంట హెడ్డు మీదికి తేవద్దు. రెండోది, వెల్డింగుకు ముందు బ్రేక్ క్లీనరు స్ప్రేతో కడగడం కొందరికి అలవాటు. క్లోరిన్ ఉన్న క్లీనరు ఆవిరి వెల్డింగు వేడికి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. పొడి గుడ్డతో, వైరు బ్రష్షుతో శుభ్రం చేస్తే చాలు.

కొత్తబండి_కొత్తమోజు
బ్రేక్ క్లీనరు సంగతి నిజంగా తెలియదు. ఆ ఒక్క ముక్క కోసమైనా ఈ చర్చ చదవడం మంచిదైంది. అయినా నా మాట మారలేదు: బయటి వెల్డింగు మనిషి బాధ్యత తీసుకుంటాడని రాసి ఇస్తేనే నేను ఒప్పుకుంటాను.

నట్టూ_బోల్టూ
విశాఖలో వెల్డింగు మనిషి చేత రాసి ఇప్పించుకోవడం కంటే ఆ స్టడ్డు తీయడమే సులువు.

భీమిలి_రోడ్డు
నా అనుభవం ఒకటి చెబుతాను, ఎందుకంటే అందులో చేయకూడనిది ఉంది. నా కారులో థర్మోస్టాట్ హౌసింగుది 6 ఎం.ఎం. బోల్టు తల తెగిపోయింది. గ్యారేజీ కుర్రాడు దానికి కన్నం పెట్టి, విరిగిన బోల్టును తిప్పి తీసే ఈజీ ఔట్ దింపి, పెద్ద హ్యాండిల్ వేసి తిప్పాడు. టప్పుమని చప్పుడు వచ్చింది. బోల్టు కదలలేదు, ఈజీ ఔట్ లోపలే విరిగిపోయింది. ఆ తరువాత ఏ డ్రిల్లు బిట్టు పెట్టినా జారిపోయేది, ఎందుకంటే ఈజీ ఔట్ ఉక్కు డ్రిల్లు బిట్టంత గట్టిది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. చివరకు హౌసింగు కింది భాగం మొత్తం విప్పి, గాజువాక ఆటోనగర్‌లో అచ్చులు తయారుచేసే ఒక టూల్ రూముకు తీసుకువెళ్ళాను. అక్కడ స్పార్క్ ఎరోజన్ మెషిన్ మీద, విద్యుత్ మెరుపులతో ఆ ముక్కను కణం కణంగా కాల్చి తీశారు. థ్రెడ్డు ఏమాత్రం చెడలేదు. బోల్టు ఖరీదు పది రూపాయలు, ఆ పని ఖరీదు మాత్రం ఇక్కడ రాయను.

సందేహాల_పుట్ట
అయితే ఈజీ ఔట్ అసలు వాడకూడదా? అన్ని టూల్ కిట్లలోనూ అమ్ముతున్నారు కదా.

పాత_ఫిట్టరు
వాడవచ్చు, కానీ ఎక్కడ అన్నది ముఖ్యం. తల తెగింది ఎక్కువ బిగించడం వల్ల అయితే, అంటే తుప్పు పట్టలేదు, థ్రెడ్డు వదులుగానే ఉంది అనుకుంటే, ఈజీ ఔట్ చక్కగా పనిచేస్తుంది. తుప్పు పట్టి బిగిసిన దానికి కాదు. ఆలోచించండి: 8 ఎం.ఎం. స్టడ్డంతా కలిసి తట్టుకోలేక విరిగింది. దాని మధ్యలో నాలుగు ఎం.ఎం. కన్నం పెట్టి అందులో దింపిన ఈజీ ఔట్ అంతకంటే ఎక్కువ బలం ఎలా ఇస్తుంది? పైగా దాని ఏటవాలు ఆకారం స్టడ్డును లోపలి నుంచి వెడల్పు చేసి థ్రెడ్డుకు మరింత అదుముతుంది. ఎదురు చుట్టు డ్రిల్లు బిట్టు వాడటం ఇంతకంటే నయం. అది విప్పే దిశలోనే తిరుగుతుంది కనుక, కన్నం పెడుతుండగానే ఆ అదురుకీ వేడికీ ముక్క తనంతట తాను తిరిగి బయటకు వచ్చేసే అవకాశం ఉంది. మామూలు దుకాణాల్లో అంత సులువుగా దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

ఉప్పుగాలి
అందరూ వేడి గురించి చెబుతున్నారు గానీ ఊరి గాలిని మరిచిపోతున్నారు. సాగర్‌నగర్, రుషికొండ, ఎండాడ వైపు సముద్రానికి ఎదురుగా రాత్రంతా నిలిపే బండ్లకు బానెట్టు కింద కూడా తెల్లటి పొర కనిపిస్తుంది. ఇనుప బోల్టు, అల్యూమినియం హెడ్డు, మధ్యలో ఉప్పు తేమ ఉంటే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుంది, అల్యూమినియం తినబడి తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి బోల్టును నొక్కేస్తుంది. ఫిషింగ్ హార్బరులో బోటు ఇంజన్ల పని చేసేవాళ్ళను అడిగితే ఈ స్టడ్డు సంగతి వాళ్ళకు రోజువారీ పనే.

పాత_ఫిట్టరు
మీరు చెప్పింది నిజమే కానీ ఇక్కడ దానికి పాత్ర తక్కువ. మానిఫోల్డ్ దగ్గర వేడికి తేమ నిలవదు. ఉప్పు దెబ్బ కనిపించేది థర్మోస్టాట్ హౌసింగు, వాటర్ పంపు బోల్టుల దగ్గర, ఆల్టర్నేటర్ బ్రాకెట్టు దగ్గర, సస్పెన్షను బోల్టుల దగ్గర. భీమిలి రోడ్డు గారి బోల్టు మీ లెక్కలోకి వస్తుంది, సాగర్‌నగర్ గారి స్టడ్డు నా లెక్కలోకి వస్తుంది.

ఉప్పుగాలి
సరే, పంపకం బాగుంది.

సందేహాల_పుట్ట
నూనె ఏది మంచిది? డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేస్తే సరిపోతుందా?

నట్టూ_బోల్టూ
అది నీటిని తరిమేందుకు తయారైనది. పట్టిన తుప్పులోకి ఇంకడంలో దాని కంటే మంచివి ఉన్నాయి. పెనిట్రేటింగ్ ఆయిల్ అని విడిగా అమ్ముతారు, అది తీసుకోండి. ఆటోమేటిక్ గేరు నూనె, అసిటోను సగం సగం కలిపి చుక్కలు వేసేవాళ్ళూ ఉన్నారు, బాగానే దిగుతుంది, కానీ అసిటోను ఆవిరికి చటుక్కున మంట అంటుకుంటుంది కనుక వెల్డింగు రోజున ఆ సీసా గ్యారేజీ దరిదాపుల్లో ఉండకూడదు. ఏ నూనె అయినా వేసి, స్టడ్డు కొన మీద చిన్న సుత్తితో నిలువుగా కొద్దిగా తట్టాలి. ఆ తట్టుకే నూనె కిందికి దిగుతుంది. నూనె కొట్టి కాఫీ తాగి వచ్చేసరికి పని అయిపోతుందని అనుకోవద్దు.

ఆటోనగర్_నైట్‌షిఫ్టు
నూనె కంటే నాకు కొవ్వొత్తి మైనం మీద నమ్మకం ఎక్కువ. స్టడ్డు వేడిగా ఉన్నప్పుడు దాని మొదట్లో మైనం తాకిస్తే కరిగి థ్రెడ్డులోకి లాక్కుపోతుంది. నూనె ఆ వేడికి పొగై పోతుంది, మైనం అంత తొందరగా పోదు.

సందేహాల_పుట్ట
ముక్క లోపలికి విరిగి, నట్టు అతికించే వీలే లేకపోతే ఏం చేస్తారు?

లేత్_పక్కన
అది మా దగ్గరికి వచ్చే పని. మొత్తం ఆట కన్నం సరిగ్గా మధ్యలో పడటం మీదే ఉంటుంది. చేత్తో డ్రిల్లు పట్టుకుని పెడితే, విరిగిన ముఖం ఏటవాలుగా ఉంటుంది కనుక బిట్టు మెత్తని అల్యూమినియం వైపు జారిపోతుంది. ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే ఒక వైపు స్టడ్డు అలాగే ఉంటుంది, ఇంకో వైపు హెడ్డు థ్రెడ్డు పోతుంది.

అందుకని మేము చేసే పని ఇది. పది ఎం.ఎం. మందం పట్టీ ఒకటి తీసుకుని, పాత ప్యాకింగును దాని మీద పెట్టి కన్నాలు గుర్తిస్తాము. పక్కన ఉన్న మంచి స్టడ్లకు ఆ పట్టీని నట్లతో బిగిస్తాము. విరిగిన స్టడ్డు ఎదురుగా వచ్చే కన్నంలో లేత్ మీద తిప్పిన ఇనుప బుష్షు దిగుతుంది. బుష్షు మధ్య కన్నం మొదట నాలుగు ఎం.ఎం., తరువాత మరో బుష్షు ఆరు, చివర 6.8. బిట్టు బుష్షులోంచి మాత్రమే వెళ్ళగలదు కనుక పక్కకు పోయే ప్రసక్తి లేదు. 8 ఎం.ఎం., 1.25 పిచ్ థ్రెడ్డుకు 6.8 కన్నం సరైనది. అది నిజంగా మధ్యలో పడితే స్టడ్డు కండ అంతా పొడిగా వచ్చేసి, మిగిలిన థ్రెడ్డు జంతిక చుట్టలా ఊడివస్తుంది. సూది కొక్కెంతో లాగితే చాలు. బిట్టు మీద లోతు గుర్తుకు టేపు చుట్టడం మరవకూడదు. కొన్ని ఇంజన్లలో ఆ కన్నాలు నీళ్ళ దారిలోకి తెరుచుకుంటాయి. అలాంటి చోట కొత్త స్టడ్డుకు థ్రెడ్ సీలెంటు రాయాలి, లేకపోతే కూలెంటు థ్రెడ్డు వెంట కారుతుంది.

కొత్తబండి_కొత్తమోజు
బండిలో ఇంజను ఉండగా ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడ) వైపు అంత పట్టీ, డ్రిల్లు పట్టే చోటు ఉంటుందా?

లేత్_పక్కన
మామూలు డ్రిల్లు పట్టదు. మూల తిరిగిన తల ఉన్న యాంగిల్ డ్రిల్లుకు పొట్టి బిట్లు వేసుకోవాలి. అదీ పట్టకపోతే ఇంజను మౌంటు ఒకటి విప్పి, కింద జాకీ పెట్టి ఇంజనును కొద్దిగా ముందుకు వంచితే చోటు దొరుకుతుంది. అది కూడా కుదరనప్పుడు మాత్రమే హెడ్డు దించే మాట. దించితే హెడ్డు ప్యాకింగు కొత్తది, సాగే రకం హెడ్డు బోల్టులైతే అవి కూడా కొత్తవి, టైమింగు మళ్ళీ కట్టాలి. ఒక స్టడ్డుకు అదంతా గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే.

భీమిలి_రోడ్డు
కన్నం పక్కకు పోయి హెడ్డు థ్రెడ్డు పోతే ఇక ఆ హెడ్డు పనికిరానట్టేనా?

లేత్_పక్కన
కాదండీ. 8.3 ఎం.ఎం. బిట్టుతో కన్నం పెద్దది చేసి, దానికి తగిన ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) వేసి, హెలికాయిల్ దింపితే మళ్ళీ 8 ఎం.ఎం. థ్రెడ్డే వస్తుంది. అది స్టీలు తీగ చుట్ట కనుక అసలు అల్యూమినియం థ్రెడ్డు కంటే గట్టిగా ఉంటుంది. ట్యాప్ వేసేటప్పుడు అది విరిగితే మాత్రం మళ్ళీ మీరు చెప్పిన స్పార్క్ ఎరోజన్ గతి.

విడిగా తీసి పట్టుకోగలిగే చిన్న అల్యూమినియం భాగమైతే ఇంకో ఉపాయం ఉంది, పటిక. చిక్కటి పటిక నీళ్ళలో ఆ భాగాన్ని వేసి, సన్నని మంట మీద గంటల తరబడి వేడిగా ఉంచితే ఇనుము కరిగి నల్లటి బురదవుతుంది, అల్యూమినియం దాదాపు అలాగే ఉంటుంది. గడియారాలు బాగుచేసేవాళ్ళ దగ్గర ఉన్న పాత విద్య ఇది. గాజు పాత్రలోనే చేయాలి.

నట్టూ_బోల్టూ
ఇంట్లో స్టీలు గిన్నెలో చేస్తే?

లేత్_పక్కన
బోల్టుతో పాటు గిన్నె కూడా చెడుతుంది. ఆ తరువాత మీకు ఇంట్లో అన్నం ఎవరు పెడతారో నాకు తెలియదు.

సాగర్‌నగర్_డీజిల్
మీ అందరి మాటా విన్నాక హెడ్డు దించవద్దని గ్యారేజీకి చెప్పేశాను. నడపవచ్చా అన్న నా రెండో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. వెల్డింగు మనిషి దొరకడానికి ఆలస్యమవుతుందేమోనని అడుగుతున్నాను.

పాత_ఫిట్టరు
నడపవద్దు. మొదటి కారణం, చివరి స్టడ్డు లేకపోతే ఆ భారం పక్కదాని మీద పడుతుంది, కొద్ది రోజుల్లో అదీ విరుగుతుంది. రెండోది, టర్బోకు వెళ్ళాల్సిన వాయువు పక్కనుంచి పోతుంది కనుక బలం తగ్గుతుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది: ఎగ్జాస్ట్ ఫైర్‌వాల్ వైపు ఉంది, ఏసీ గాలి పీల్చుకునే జాలీ దాని పైనే ఉంటుంది. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. పెట్రోలు బండితో పోలిస్తే డీజిల్‌లో అది తక్కువే, అయినా పిల్లలను ఎక్కించుకుని అరకు ఘాటు ఎక్కే బండికి ఆ 'తక్కువ' అనే మాట చాలదు.

ఆటోనగర్_నైట్‌షిఫ్టు
మనిషి కోసం వెతకనక్కరలేదు, మీకు విడిగా సందేశం పెట్టాను. ఫోను నంబర్లు ఇక్కడ అందరికీ కనిపించేలా రాయడం బాగుండదు. ఇప్పుడు ఇన్వర్టరు సెట్లు చిన్నవి వచ్చాయి, మామూలు ఇంటి కరెంటుకే నడుస్తాయి, కనుక బండిని ఊరు ఆ చివర నుంచి ఈ చివరకు లాక్కురానక్కరలేదు.

సాగర్‌నగర్_డీజిల్
పని అయింది. వెల్డింగు చేసే ఆయన సెట్టును ఆటోలో పెట్టుకుని వచ్చారు. వచ్చీ రాగానే బ్యాటరీ విప్పించి, ఎర్త్ క్లాంపు పెట్టే చోట హెడ్డును ఆకురాయితో మెరిసేదాకా గీశారు. తడి గోనె, రేకు అన్నీ ఇక్కడ చెప్పినట్టే. మొదట పెట్టిన నట్టు పానా వేయగానే ఊడివచ్చింది. నా మొహం చూసి ఆయన నవ్వి, ఊడితే ఊడనివ్వండి, వేడి తగిలింది కదా అన్నారు. స్టడ్డు కొనను గీరి శుభ్రం చేసి మళ్ళీ అతికించారు. ఎరుపు పోయేదాకా ఆగి, మొదట్లో కొవ్వొత్తి తాకించారు, సన్నగా పొగ వచ్చింది. తరువాత బిగించే వైపు కొంచెం నొక్కారు. కిర్రుమని ఒక చప్పుడు వచ్చింది, స్టడ్డు మొదట్లో గోధుమరంగు పొడి రాలింది. అది చూసి పానా మీద నుంచి చెయ్యి తీసేసి, వచ్చేసినట్టే అన్నారు. తరువాత పావు చుట్టు వెనక్కి, కాస్త ముందుకు, మళ్ళీ వెనక్కి తిప్పుతూ మొత్తం బయటకు తీశారు. హెడ్డులో థ్రెడ్డు చెక్కుచెదరలేదు.

ఇప్పుడు కొత్తవి వేయాలి. ఆ ఒక్కటే మార్చాలా, అన్నీ మార్చాలా? ఎంత బిగించాలి?

నట్టూ_బోల్టూ
ఆయన చెయ్యి తీసేసిన ఆ క్షణానికి ఇవ్వాలి కూలి.

పాత_ఫిట్టరు
అన్నీ మార్చండి. ఒకటి అలసి విరిగిందంటే మిగతావి కూడా అదే వయసువి. ఇప్పుడు కదపడం కష్టంగా ఉన్నవి ఉంటే అదే నట్టు వెల్డింగుతో తీయించండి, మనిషి దగ్గరే ఉన్నారు. బజారు బోల్టులు వద్దు, ఆ ఇంజనుకు చెప్పిన స్టడ్లు, రాగి పూత ఉన్న లేదా లాక్ రకం నట్లు తీసుకోండి. హెడ్డు కన్నాల్లో కొత్త ట్యాప్ దింపవద్దు, అది మంచి లోహాన్ని కూడా కోస్తుంది. థ్రెడ్ చేజరుతో, లేదా పాత బోల్టుకు నిలువునా గాడి కోసి దానితో, శుభ్రం చేయండి.

స్టడ్లు బిగించే ముందు మానిఫోల్డ్ ముఖం మీద స్టీలు పట్టీ నిలువుగా పెట్టి ఫీలర్ గేజితో (సందు కొలిచే పల్చటి రేకులు) చూడండి. అది వంగి ఉంటే కొత్త ప్యాకింగు, కొత్త స్టడ్లు అన్నీ వృథా.

సాగర్‌నగర్_డీజిల్
చూశాను. మధ్యలో ఏమీ దూరలేదు, విరిగిన స్టడ్డు ఉన్న చివర 0.3 ఎం.ఎం. ఫీలర్ సులువుగా దూరింది.

పాత_ఫిట్టరు
అది ఎక్కువ. దాన్ని అలాగే బిగిస్తే చివరి స్టడ్డు ప్యాకింగును కాదు, మానిఫోల్డ్‌ను వంచడానికి పనిచేస్తుంది. సర్ఫేస్ గ్రైండింగు చేయించండి, ఆ చివరి కోల కన్నాలు కూడా ఆకురాయితో శుభ్రం చేయించండి.

లేత్_పక్కన
గ్రైండింగుకు ఇచ్చేటప్పుడు హెడ్డు వైపు ముఖాలన్నీ ఒకే అమరికలో రావాలని చెప్పండి. కొందరు ఒక్కో పోర్టును విడివిడిగా రుద్ది ఇస్తారు, అది ఉపయోగం లేదు.

ఆటోనగర్_నైట్‌షిఫ్టు
బిగింపు సంగతి: స్టడ్డును హెడ్డులోకి వేళ్ళతో తిప్పి, అడుగు తాకాక కొద్దిగా మాత్రమే బిగించాలి. నట్లు మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో బిగించాలి. 8 ఎం.ఎం. వాటికి చాలా బండ్లలో 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతారు. మీ ఇంజను మాన్యువల్‌లో ఎంత ఉందో అంతే పెట్టండి, చేతి అంచనా వద్దు. ఇంపాక్ట్ గన్ అసలు వద్దు.

సందేహాల_పుట్ట
థ్రెడ్డుకు యాంటీ సీజ్ (బిగిసిపోకుండా రాసే పేస్టు) రాయవచ్చా?

ఆటోనగర్_నైట్‌షిఫ్టు
వేడికి తట్టుకునే రకం పల్చగా రాయండి. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి, మాన్యువల్‌లో ఇచ్చిన అంకె సాధారణంగా పొడి థ్రెడ్డుకు. యాంటీ సీజ్ రాస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు స్టడ్డు ఎక్కువ సాగుతుంది. అందుకే రాసినప్పుడు చాలామంది సుమారు నాలుగో వంతు తగ్గించి బిగిస్తారు.

కొత్తబండి_కొత్తమోజు
ఈసీయూ ఏమైంది? బండి స్టార్టయిందా?

సాగర్‌నగర్_డీజిల్
మానిఫోల్డ్ గ్రైండింగు నుంచి వచ్చాక బిగించి స్టార్టు చేశాము. బోర్డు మీద ఏ దీపమూ వెలగలేదు. ఉదయం చప్పుడు కూడా లేదు. వెల్డింగు, గ్రైండింగు, స్టడ్లు, ప్యాకింగు అన్నీ కలిపి మొదట చెప్పినదాంట్లో మూడో వంతు కూడా కాలేదు.

కొత్తబండి_కొత్తమోజు
సరే, వెల్డింగు మీద నా అభ్యంతరం ఈ ఒక్క బండి వరకు వెనక్కి తీసుకుంటున్నాను.

ఉప్పుగాలి
నాది పాత పెట్రోలు కారు, హెడ్డు కూడా పోత ఇనుముదే, దానిలో ఒక స్టడ్డు హెడ్డు ముఖానికి సమానంగా విరిగి ఉంది. నేను కూడా ఇదే మనిషిని పిలిపించుకోవచ్చా?

ఆటోనగర్_నైట్‌షిఫ్టు
పిలవవచ్చు, కానీ అక్కడ జాగ్రత్త వేరు. ఇనుప హెడ్డుకు వెల్డింగు తీగ అతుకుతుంది కనుక, చుక్క పక్కకు పోతే స్టడ్డూ హెడ్డూ కలిసి ఒకటే ముక్క అయిపోతాయి. సమానంగా విరిగినదానికి ముందు లేత్ పక్కన గారి పట్టీ, బుష్షు పద్ధతే ప్రయత్నించండి. పోత ఇనుము గట్టిది కనుక బిట్టు అల్యూమినియంలోకి జారినంత సులువుగా పక్కకు జారదు. అది కుదరకపోతే స్టడ్డు ముఖం మీదే చుక్క మీద చుక్క వేస్తూ, అది పైకి లేచాక నట్టు పెట్టాలి. అది ఆర్గాన్ వెల్డింగు మీద చెయ్యి తిరిగినవాళ్ళ పని.

లేత్_పక్కన
పాత ప్యాకింగు పారేయకుండా తీసుకురండి, పట్టీ మీద కన్నాలు దానితోనే గుర్తించాలి.